సోల్ అంచులో నీళ్లు దిగుతున్నాయి, అతుకు దగ్గర ఏం మార్చాలి?

పాతబస్తీ_బూట్లు (కర్నూలు)
అందరికీ నమస్కారం. కర్నూలు పాతబస్తీలో మాది చిన్న బూట్ల యూనిట్. నాన్న చెప్పులు చేసేవాడు, నేను పని బూట్ల వైపు మళ్లాను. బేతంచెర్ల, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లకు చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు ఇస్తున్నాను. అప్పర్ (బూటు పై భాగం) మేమే కుడతాం, సోల్ బయటి నుంచి తెప్పిస్తాం, రెండిటికీ సొల్యూషన్ (జిగురు) పూసి ప్రెస్‌లో నొక్కుతాం. ఎండాకాలం దాకా ఇచ్చిన సరుకు మీద ఎవరూ నోరెత్తలేదు. వానలు పడ్డాక ఇచ్చింది మాత్రం వరసగా వెనక్కి వస్తోంది. బొటనవేలి దగ్గర సోల్ నోరు తెరుస్తోంది, అక్కడి నుంచి నీళ్లు. కొన్ని జతల్లో సోల్ బాగానే ఉంది కానీ వెనక మడమ కుట్టు దగ్గర తడి కనిపిస్తోంది. సొల్యూషన్ కంపెనీ మార్చాలా? లేక సోల్ చుట్టూ కుట్టు కూడా వేస్తే సరిపోతుందా? సెకండ్‌హ్యాండ్‌లో కుట్టు మెషిన్ ఒకటి చూసిపెట్టాను, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

తాడిపత్రి_బండ
మా యూనిట్లో కూడా ఇట్లాంటివి వాడి పారేసినాం. నీ సరుకో కాదో తెలీదు, తిట్టడం లేదులే. మా దగ్గర పరిస్థితి ఏందంటే, పాలిష్ మెషిన్ కింద నీళ్లు ఆగకుండా పడుతుంటాయి, బండపొడి కలిసి తెల్లటి బురద అవుతుంది, మనిషి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అందులోనే నిలబడతాడు. కాలు వంచినప్పుడల్లా ఆ బురద సోల్ సందులోకి పోతుంది, ఎండినాక ఇసుక మాదిరి గట్టిపడి సందును ఇంకా పెద్దది చేస్తుంది. రెండు రోజులు చూసి మనోళ్లు బూట్లు విప్పి పక్కన పెట్టి ప్లాస్టిక్ చెప్పులేసుకుంటారు. వేళ్ల మధ్య చర్మం పాచిపోయి ఉంటుంది అందరికీ.

గమ్‌బూట్ల_అంగడి (అనంతపురం)
బ్రదర్, తోలు బూట్లతో ఎందుకీ తంటా? పీవీసీ గమ్ బూట్లు అమ్ముకో. అతుకే లేనప్పుడు అతుకు ఊడే సమస్యే లేదు. ఐఎస్ 12254 మార్కు ఉన్నవి తెచ్చుకుంటే ఎవడూ వెనక్కి ఇవ్వడు. నేనదే చేస్తున్నా.

పాతబస్తీ_బూట్లు
అన్నా, ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు గమ్ బూట్లేసుకుని ఎనిమిది గంటలు నిలబడి చూడండి ఒకసారి. చెమటకే లోపల చెరువు అవుతుంది. తోలు అడిగేది వాళ్లే. పైగా అవి అమ్మితే మా యూనిట్లో పనిచేసే వాళ్లను ఏం చేయాలి?

అంబూరు_రిటర్న్ (కడప)
నేను అంబూరు, రాణిపేట వైపు ఎక్స్‌పోర్ట్ బూట్ల ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్లు పనిచేశాను, ఎక్కువ కాలం సోల్ అతికించే సెక్షన్‌లోనే. డబ్బా కంపెనీ సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. నువ్వు అసలు విషయం రాయలేదు. సోల్ దేనితో చేసింది? రబ్బరా, టీపీఆరా (కరిగించి అచ్చుపోసే రబ్బరు), పీవీసీనా, పీయూనా (పాలియురేథేన్)? వానాకాలం మొదలయ్యాక వచ్చిన సోళ్లు, అంతకు ముందువీ ఒకే చోటివేనా? తోలు ఏది, మామూలు క్రోమ్ తోలా, నీళ్లు పట్టకుండా ట్రీట్ చేసిందా? అతికించే ముందు తోలును గ్రైండర్ మీద గరుకు చేస్తున్నారా, చేస్తే ఎంత లోతు? సొల్యూషన్‌లో హార్డ్‌నర్, అంటే అతుకును గట్టిపరిచే మందు, కలుపుతున్నారా?

ఇవి తెలియకుండా సొల్యూషన్ పేరు చెప్పమంటే ఎవడైనా తన డబ్బా పేరే చెబుతాడు.

పాతబస్తీ_బూట్లు
పసుపు సొల్యూషన్, చెప్పులకు అందరూ వాడేదే. హార్డ్‌నర్ కలపం. తోలు పైపైన గరుకు చేస్తాం. సోళ్లు జూన్ నుంచి వేరే చోటి నుంచి వస్తున్నాయి, పాతాయన రేటు పెంచాడని మార్చాను. చూడటానికి ఒకేలా ఉన్నాయి, కొత్తవి కొంచెం నున్నగా, బరువుగా ఉన్నాయి. టీపీఆర్ అని చెప్పి ఇచ్చాడు.

అంబూరు_రిటర్న్
బరువుగా, నున్నగా అంటే నాకు అనుమానంగానే ఉంది. ఒక రాగి తీగ తీసుకో, కరెంటు వైరు లోపలిది చాలు. కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చు, మంట రంగు మామూలుగా అయ్యేదాకా. కాలిన తీగను సోల్ అంచుకు అదిమి, దానికి అంటుకున్న ముక్కతో సహా మళ్లీ మంటలో పెట్టు. పచ్చ మంట వస్తే అందులో క్లోరిన్ ఉంది, నీ దగ్గరున్న సోళ్లలో అది పీవీసీనే. బయట గాలిలో చెయ్యి, ఆ పొగ పీల్చకు. చిన్న పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, పచ్చ మంట చూస్తే వాళ్లు వదలరు.

పాతబస్తీ_బూట్లు
చేశాను. మంచి చిలకపచ్చ రంగులో వచ్చింది. పాత సోల్ ముక్క ఒకటి మిగిలి ఉంటే దానికీ చేశాను, దానికి రాలేదు. ఇప్పుడు వాడికి ఫోన్ చేస్తే అదేం తేడా లేదు, అందరికీ ఇదే ఇస్తున్నా అంటున్నాడు.

కెమిస్ట్రీ_మేడం (ప్రొద్దుటూరు)
తేడా ఉంది. పీవీసీ తనంతట తాను గట్టి పదార్థం, నీళ్ల పైపులు చూస్తున్నాం కదా. దాన్ని సోల్ లాగా వంగేటట్టు చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి ద్రవాన్ని కలుపుతారు, అదీ కొద్దిగా కాదు, బాగానే. ఆ ద్రవం లోపల కట్టేసి ఉండదు. నెమ్మదిగా పైకి పాకుతూ ఉంటుంది. మీరు వాడే పసుపు సొల్యూషన్‌లో ఉన్నది నియోప్రీన్ రబ్బరు. ప్లాస్టిసైజర్ దానిలోకి చేరి దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే అతికించిన రోజు గట్టిగా ఉంటుంది, వారాలు గడిచేకొద్దీ జిగురు జిగురుగా సాగుతుంది. ఊడిన బూటు ఒకటి తీసి అతుకు మధ్యలో వేలు పెట్టి చూడండి, వేలికి అంటుకుంటుందేమో.

పీవీసీకి పీయూ సొల్యూషనే వాడాలి. దాని మీద ప్లాస్టిసైజర్ ప్రభావం చాలా తక్కువ.

పాతబస్తీ_బూట్లు
మేడం, వేలికి అంటుకోవడం కాదు, తీగలు తీగలుగా సాగుతోంది. మేము వానకు తడిసి అలా అయిందనుకుంటున్నాం ఇన్నాళ్లూ.

నంద్యాల_కుట్టు
అందరూ కెమికల్స్ గురించే మాట్లాడుతున్నారు. మా తాత కాలంలో ఏ సొల్యూషన్ ఉండేది? తోలును తోలుకు కుట్టేవాళ్లు, నూలు దారానికి మైనం పట్టించి. కేసీ కాలువ కింద మడి చేసే రైతులు అవే తొడుక్కుని తిరిగారు. సొల్యూషన్ ఇవాళ కాకపోతే రేపు వదిలేస్తుంది, కుట్టు వదలదు. ఆ మెషిన్ కొను తమ్ముడూ.

అంబూరు_రిటర్న్
అన్నా, కుట్టు వదలదు, ఒప్పుకుంటా. కానీ కుట్టు పట్టుకుంటుంది, నీళ్లను ఆపదు. సెంటీమీటరుకు మూడు కుట్లు వేసుకున్నా, సోల్ చుట్టూ 60 సెంటీమీటర్లు అనుకుంటే 180 రంధ్రాలు పొడిచినట్టు. మీ తాతగారి నూలు దారం తడిస్తే ఉబ్బేది, ఉబ్బి రంధ్రం మూసేది, పైన మైనం. ఇప్పుడు వాడేది పాలిస్టర్ దారం, అది ఉబ్బదు. తెగదు, కుళ్లదు, కానీ పక్క నుంచి నీళ్లు చక్కగా లోపలికి పోతాయి, ఒక్కోసారి దారం వెంబడే పీల్చుకుంటూ పోతాయి.

వెల్ట్, అంటే అంచు చుట్టూ తోలు పట్టీ, కట్టిన బూట్ల సంగతి వేరు. అక్కడ సోల్ కుట్టు పాదం ఉండే గదిలోకి రాదు, బయట పట్టీ మీదే నడుస్తుంది. అందుకే మంచి వెల్ట్ బూటు చాలాసేపు తట్టుకుంటుంది. కానీ లోపల అప్పర్‌నూ ఇన్సోల్‌నూ కలిపే కుట్టు ఒకటి ఉంటుంది కదా, రోజంతా బురదలో నిలబెడితే అక్కడి నుంచి వస్తుంది. తమ్ముడు చూసిన మెషిన్ వెల్ట్‌ది కాదనుకుంటా, సోల్ గోడలోంచి నేరుగా లోపలికి గుచ్చేది. బురదలో పనికి అది వద్దు.

నంద్యాల_కుట్టు
సరే, నేరుగా గుచ్చే కుట్టు వద్దనే మాట నిజమే. కానీ ఉత్త అతుకును నమ్ముకుని బూటు అమ్మడం నాకు ఎందుకో మనసొప్పదు.

అంబూరు_రిటర్న్
నమ్మొద్దు, పరీక్ష పెట్టు. దాని సంగతి తర్వాత రాస్తా. ముందు అతికించే పద్ధతి.

తోలు దగ్గర మొదలుపెడతా. తోలు పైన నున్నటి పొర ఉంటుంది, దాని మీద ఫినిషింగ్ రంగు, లక్క లాంటి పూత. నువ్వు పైపైన గరుకు చేస్తే సొల్యూషన్ ఆ పూతను పట్టుకుంటుంది, పూత తోలును వదిలేస్తుంది. గరుకు చేయడమంటే ఆ పూత పోయి, నున్నటి పొర పోయి, కింద నారలు పైకి లేచి కనిపించాలి, ముఖమల్ గుడ్డ మాదిరి. ఎక్కువ లోతు పోతే తోలు పలచబడి అక్కడే చిరుగుతుంది. నీళ్లు పట్టని తోలు కొంటే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే దానిలోకి పట్టించిన సిలికాన్, కొవ్వులు నీళ్లను తోసేసినట్టే సొల్యూషన్‌ను కూడా తోసేస్తాయి.

ఎక్కడిదాకా గరుకు చేయాలి అన్నది అంతకన్నా పెద్ద విషయం. అప్పర్ లాస్ట్ (కాలి ఆకారపు దిమ్మ) మీద ఉండగానే సోల్ పెట్టి చూసి, సోల్ అంచు ఎక్కడిదాకా వస్తుందో సిల్వర్ పెన్నుతో చుట్టూ గీయాలి. గరుకూ, సొల్యూషనూ ఆ గీత దాకా పోవాలి. గీత దాటితే మరక కనపడుతుందని భయపడి పనివాళ్లు రెండు మూడు మిల్లీమీటర్లు కిందే ఆపేస్తారు. అప్పుడు సోల్ పై అంచు తోలుకు ఆని మాత్రమే ఉంటుంది, అతకదు. బండపొడి దూరేది ఆ సందులోకే. తాడిపత్రి అన్న చెప్పిన కథ అక్కడే మొదలవుతుంది. షోరూం బూటుకు ఆ సందు ఉన్నా ఎవడికీ తెలీదు, నీళ్లలో నిలబడే బూటుకు ప్రాణం అక్కడే ఉంది.

పీవీసీ సోల్‌ను గరుకు చేయనక్కర్లేదు, దానికి సరిపడే సాల్వెంట్‌తో గుడ్డ తడిపి తుడిస్తే చాలు. ఒకే గుడ్డతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తుడిస్తే మురికిని ఒక సోల్ నుంచి ఇంకోదానికి పూసినట్టే. రేపు రబ్బరు సోల్‌కు మారితే గరుకు చేసి, క్లోరిన్ ప్రైమర్ పూసి ఆరనివ్వాలి. ఈవీఏ (తేలికైన నురుగు సోల్) అయితే దాని ప్రైమర్ వేరు, చాలావాటికి యూవీ లైటు కింద పెట్టాలి. పీయూ సోల్ అయితే అచ్చు నుంచి ఊడి రావడానికి కొట్టిన రిలీజ్ స్ప్రే పైన ఉండిపోతుంది, అది పోయేదాకా తుడవకపోతే ఏం పూసినా వృథా. సోల్ మారితే మొత్తం పద్ధతి మారుతుంది, అందుకే నీ సప్లయర్ చెప్పిన అబద్ధం చిన్నదేం కాదు.

తర్వాత పీయూ సొల్యూషన్. తోలుకు పలచగా ఒక పూత, నారల్లోకి ఇంకాలి, ఆరాక రెండో పూత. హార్డ్‌నర్ డబ్బా మీద రాసినంతే, మామూలుగా నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు. కలిపింది కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది రేపటికి అని మూత పెట్టొద్దు. పూర్తిగా ఆరాక హీటర్ కింద పెడితే ఎండిన పూత మళ్లీ మెరుస్తూ జిగురు వస్తుంది, 60 నుంచి 70 డిగ్రీల దగ్గర. అప్పుడు వెంటనే కలిపి ప్రెస్. మధ్యలో ఫోన్ మాట్లాడితే మళ్లీ వేడి చేయాల్సిందే. ప్రెస్ నుంచి తీసిన వెంటనే లాస్ట్ లాగొద్దు, చల్లారనివ్వు. పూర్తి బలం రావడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, ఆ లోపు డెలివరీ ఇవ్వకు.

పాతబస్తీ_బూట్లు
అన్నా, ఇంత రాసినందుకు చాలా థాంక్స్. మాకు హీటర్ లేదు, తడిగా ఉండగానే అంటించేస్తాం. హార్డ్‌నర్ ఖర్చు ఎక్కువ, అది లేకుండా పీయూ వాడితే నడవదా?

కెమిస్ట్రీ_మేడం
నడుస్తుంది, ఏప్రిల్ దాకా. అంబూరు అన్నగారు రాసిన ఉష్ణోగ్రత మళ్లీ చూడండి. ఏ వేడికి ఆ పూత జిగురు వస్తుందో, హార్డ్‌నర్ లేకపోతే దాదాపు అదే వేడికి అతుకు కూడా మెత్తబడుతుంది. తాడిపత్రిలో మే నెల మధ్యాహ్నం ఎండలో నల్లబండ మీద చెయ్యి పెట్టగలరా? తడిసిన బూట్లు ఆరబెట్టేది ఆ బండల మీదే కదా. హార్డ్‌నర్ కలిపితే అణువులు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడతాయి, ఆ తర్వాత అంత తేలిగ్గా కరగదు. మంచు దేశాల వాళ్లు దాన్ని మానేసినా మనకు మాత్రం తప్పదు.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతా. ఆ గదికి కిటికీలు ఉన్నాయా? కొన్ని సొల్యూషన్లలో హెక్సేన్ ఉంటుంది. మూసిన గదిలో నెలల తరబడి అది పీల్చిన బూట్ల పనివాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి నరాలు దెబ్బతిన్న కేసులు జపాన్‌లోనూ ఇటలీలోనూ వచ్చాయి. హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసయనేట్ ఉబ్బసం తెస్తుంది. తలుపులు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి చేయండి.

పాతబస్తీ_బూట్లు
ఒక కిటికీ ఉంది మేడం, దుమ్ము వస్తుందని మూసే ఉంటుంది. ఫ్యాన్ పెట్టిస్తాను. వానాకాలం వల్లే అనుకున్నది మొత్తం సోల్ వల్లేనా మరి, వానకు సంబంధమే లేదా?

కెమిస్ట్రీ_మేడం
ఉంది. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పూత మీద కంటికి కనపడని మంచు దిగుతుంది, పూత కొంచెం తెల్లగా మసకబారినట్టు ఉంటుంది. దాని మీద అతికిస్తే మధ్యలో నీటి పొర పెట్టి అతికించినట్టే. హార్డ్‌నర్ కూడా తేమతో కలిసి దండగైపోతుంది, అందుకే దాని డబ్బా మూత వానాకాలంలో తెరిచి ఉంచకూడదు. వెచ్చటి గాలిలో ఆరబెట్టండి. మీరు ఎలాగూ హీటర్ కొనాలి కాబట్టి రెండూ ఒకే ఖర్చులో అయిపోతాయి.

హిమాలయ_అనంతపురం
నేను ట్రెక్కింగ్ వాణ్ణి, ఫ్యాక్టరీ సంగతులు తెలీవు. గోర్‌టెక్స్ బూట్లు వేసుకుని వాగుల్లో నడిచాను, చుక్క నీరు రాలేదు, వాటికీ కుట్లు బోలెడు ఉన్నాయి. అది ఎట్లా మరి?

అంబూరు_రిటర్న్
వాటిలో నీళ్లను ఆపేది పైన కనపడే తోలు కాదు బాబూ, లోపలున్న మేజోడు. మెంబ్రేన్, అంటే నీళ్లను పోనివ్వని పలచటి పొర, అంటించిన గుడ్డను సాక్సు ఆకారంలో కత్తిరించి కుట్టి, ప్రతి కుట్టు మీదా టేపు వేస్తారు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న టేపు, వెనక కరిగే జిగురు, వేడిగాలి నాజిల్ కింద నుంచి వెళ్తూ రోలర్ల మధ్య నలిగి కుట్టును కప్పేస్తుంది. నేను ఆ మెషిన్ దగ్గర కొన్నాళ్లు నిలబడ్డాను. కష్టమంతా మలుపుల్లో. నేరు కుట్టు ఎవడైనా వేస్తాడు. మడమ దగ్గర మూడు కుట్లు ఒక చోట కలుస్తాయి చూడు, అక్కడ టేపు మీద టేపు వచ్చి మెట్టులా లేస్తుంది, ఆ మెట్టు పక్కన సూది మొన అంత సొరంగం మిగిలినా సాయంత్రానికి సాక్సు తడుస్తుంది. అందుకే ఆ మేజోడులో గాలి నింపి నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో ఒక్కొక్కటీ చూసేవాళ్లం.

తమ్ముడి యూనిట్‌కు అది ఇప్పుడే వద్దు. ఆ టేపు తోలుకు సరిగా పట్టదు కూడా.

పాతబస్తీ_బూట్లు
మరి మడమ కుట్టు దగ్గర తడికి ఏం చేయాలి? అది సోల్ సమస్య కాదుగా.

నంద్యాల_కుట్టు
దీనికి నేను చెబుతా. కుట్టు ఎక్కడ వేయాలో నీ చేతిలోనే ఉంది కదా. వెనక నిలువు కుట్టును కిందిదాకా తేకు. మడమ చుట్టూ ఒకే తోలు ముక్క తిప్పి, అతుకును పక్కకు, పైకి జరుపు, బురద అందని ఎత్తుకు. తప్పనిసరి చోట తోలు అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి మధ్యలో సొల్యూషన్ పూసి అప్పుడు కుట్టు, ఉత్త తోలు మీద కుట్టొద్దు. సన్న సూది, దారానికి సరిపోయేంతే. పెద్ద సూది పెడితే దారం చుట్టూ ఖాళీ మిగులుతుంది. కుట్టాక లోపలి వైపు రబ్బరు పాలో పీయూనో ఒక పూత పూసి ఆరనివ్వు. ఇక లేసు కింద నాలుక, అది రెండు పక్కలా తెరిచి ఉంటే నువ్వు ఎంత అతికించినా దండగ. మెత్తటి తోలుతో రెండు పక్కలా మడత పెట్టి అప్పర్‌కు కుట్టేయి, పై దాకా.

అంబూరు_రిటర్న్
నంద్యాల అన్నా, ఇది నేను రాసి ఉంటే ఇంత బాగా రాసేవాణ్ణి కాదు.

గమ్‌బూట్ల_అంగడి
మీరంతా ఇంత కష్టపడుతుంటే మా గమ్ బూట్ల మీద గౌరవం పెరిగింది నాకు. ఇంతకీ వాటిని అతుకు లేకుండా ఎట్లా చేస్తారు, అమ్మడమే తప్ప చూడలేదు ఎప్పుడూ.

అంబూరు_రిటర్న్
లోహపు కాలు బొమ్మ మీద లైనింగ్ గుడ్డను మేజోడు మాదిరి తొడుగుతారు. దాన్ని అచ్చులో మూసి కరిగిన పీవీసీని ఒత్తిడితో ఎక్కిస్తారు. సోల్ వేరే రంగులో ఉందంటే రెండుసార్లు ఎక్కించారన్నమాట, ఒక భాగం ఇంకా వేడిగా ఉండగానే రెండోది వచ్చి దానిలో కరిగి కలిసిపోతుంది. ఆ గీత దగ్గర బూటు చీలిందంటే మొదటిది చల్లారిపోయాక రెండోది ఎక్కించారని అనుమానించొచ్చు. సరుకు తెచ్చుకునేటప్పుడు ఆ గీత దగ్గర వంచి చూసుకో.

సిసలు రబ్బరు బూట్ల కథ ఇంకా బాగుంటుంది. ఉడకని రబ్బరు షీటు నుంచి ముక్కలు కత్తిరించి, బొమ్మ మీద చేత్తో ఒక్కొక్కటే అంటించి రోలర్‌తో గాలి లేకుండా నొక్కుతారు. ఉడకని రబ్బరు తనకు తానే అంటుకుంటుంది. అంతా అయ్యాక బూటు మొత్తాన్ని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఉడికించే పెద్ద పాత్రలో) పెట్టి ఉడికిస్తే ముక్కలన్నీ ఒకే ఒళ్లు అయిపోతాయి.

కెమిస్ట్రీ_మేడం
గంధకం వేసి ఉడికిస్తే రబ్బరు గట్టిపడుతుందని ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది 1839లో. 1853కల్లా ఫ్రాన్స్‌లో హచిన్సన్ అనే ఆయన రబ్బరు బూట్ల ఫ్యాక్టరీ పెట్టేశాడు, 1856లో స్కాట్లాండ్‌లో వేరేవాళ్లు ఇంకోటి పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో నిలబడ్డ బ్రిటిష్ సిపాయిలకు ఆ స్కాట్లాండ్ ఫ్యాక్టరీ నుంచి పది లక్షల జతలకు పైగా పోయాయి.

పంక్చర్_షాపు (ఆదోని)
మధ్యలో నాదొక డౌటు. పత్తి మిల్లు వాళ్లు చిరిగిన గమ్ బూట్లు తెచ్చి ట్యూబు ప్యాచీ వేయమంటారు, కొన్నిటికి పట్టుకుంటుంది, కొన్నిటికి మర్నాడే లేచిపోతుంది. అన్నీ నల్లగానే ఉంటాయి.

కెమిస్ట్రీ_మేడం
పట్టుకున్నవి రబ్బరువి, లేచిపోయినవి పీవీసీవి. పైన రాగి తీగ పరీక్ష ఉంది చూడండి. పీవీసీకి పీవీసీ ముక్కే, వినైల్ సొల్యూషన్‌తో.

అంబూరు_రిటర్న్
ఇప్పుడు పరీక్ష. నంద్యాల అన్న నమ్మకం కోసం కూడా. సేఫ్టీ బూట్ల ప్రమాణం ఐఎస్ఓ 20345 ప్రకారం అప్పర్‌కూ సోల్‌కూ మధ్య అతుకు మిల్లీమీటరు వెడల్పుకు 4 న్యూటన్లు తట్టుకోవాలి, ఊడకుండా సోలే చిరిగిపోతే 3 ఉన్నా చాలు. మన కాటా లెక్కలో సెంటీమీటరు వెడల్పు పట్టీకి దాదాపు 4 కిలోలు. అదే తోలు, అదే సోల్ ముక్కలు పట్టీలుగా అతికించి రెండు రోజులు ఆగి, ఒక కొస బల్లకు బిగించి ఇంకో కొసకు సూట్‌కేసులు తూచే స్ప్రింగ్ కాటా తగిలించి నెమ్మదిగా లాగు.

అంకె ఎంత ముఖ్యమో, ఊడిన చోటు చూడటం అంత ముఖ్యం. సొల్యూషన్ మొత్తం సోల్ వైపు ఉండిపోయి తోలు శుభ్రంగా వచ్చిందంటే తోలు గరుకు చేయడం చాలలేదు. మొత్తం తోలు వైపే ఉండి సోల్ నున్నగా వచ్చిందంటే సోల్ తుడవడంలోనో ప్రైమర్‌లోనో లోపం. రెండు వైపులా ఉండి మధ్యలో తీగలు సాగిందంటే హార్డ్‌నర్ లేదు, లేదా ప్లాస్టిసైజర్ తినేసింది. పూతలు రెండూ నున్నగా మెరుస్తూ ఒకదాన్నొకటి ముట్టుకోనట్టే విడిపోతే వేడి చాలలేదు, లేదా ఆలస్యంగా కలిపారు. తోలు నారలు చిరిగి సోల్‌కు అంటుకుని వచ్చాయంటే ఇక ఆ అతుకును వదిలెయ్, బాగుంది.

నీళ్ల పరీక్షకు, మొత్తం పాలిమర్‌తో చేసిన బూట్లకు ల్యాబ్‌లో లోపల 10 కిలోపాస్కల్ గాలి నింపి 30 సెకన్లు నీళ్లలో ముంచి బుడగలు చూస్తారు. తోలు బూటుకు అది కుదరదు. నువ్వు బూటులో న్యూస్‌పేపర్ కుక్కి, ట్రేలో అంగుళం నీళ్లు పోసి, ముందు భాగాన్ని చేత్తో వంచుతూ తీస్తూ ఉండు. ఊరికే నిలబెడితే ప్రతి బూటూ పాసే. వంచినప్పుడే బండారం బయటపడుతుంది. పేపరు ఎక్కడ తడిసిందో అక్కడ లోపం.

పాతబస్తీ_బూట్లు
చేశాం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాం, పాలిష్ వాడి నుంచి థర్మామీటర్ గన్ అడిగి తెచ్చి చూస్తే 65 చూపించింది. పసుపు సొల్యూషన్ పాత పట్టీ ఒకటిన్నర కిలోకే సాగిపోయింది. పీయూ, హార్డ్‌నర్ కలిపి, తోలు నారలు లేచేదాకా గరుకు చేసింది ఐదు కిలోలు దాటాక తోలు చిరిగింది. సోల్ ఊడలేదు. పీయూనే, కానీ మా పాత పద్ధతిలో పైపైన గరుకు చేసింది మూడు దగ్గరే వచ్చేసింది, రంగు పూత మొత్తం సోల్‌కు అంటుకుని వచ్చింది, అంబూరు అన్న రాసినట్టే. ట్రే పరీక్షలో మడమ ఇంకా తడుస్తోంది, ఆ కటింగ్ మారుస్తున్నాం.

నంద్యాల_కుట్టు
ఆ మెషిన్ ఎవరిదో నాకు చెప్పు, చెప్పులకు పనికొస్తుంది. నీకైతే వద్దులే.

పాతబస్తీ_బూట్లు
నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతా అన్నా. అంబూరు అన్నా, పీవీసీ సోల్ ఉంచాలా, పాత దానికే పోవాలా?

అంబూరు_రిటర్న్
పాతది ఇస్తే దానికే పో. పీవీసీ అతుక్కుంటుంది, సమస్య లేదు, కానీ పాలిష్ యూనిట్ నేల మీద తడిలో జారుతుంది, రబ్బరుకున్న పట్టు దానికి రాదు. పీయూ సోల్ వద్దు, పాలిస్టర్ రకం పీయూ తేమకు విరిగిపోతుంది, షాపులో ఏళ్ల తరబడి పెట్టిన బూట్ల సోళ్లు ఒక రోజు పొడిపొడిగా రాలడం చూసే ఉంటావు. ఏది కొన్నా ప్రతి బస్తా నుంచి ఒక సోల్ తీసి రాగి తీగ పెట్టు, డబ్బు తర్వాత ఇవ్వు.

తాడిపత్రి_బండ
ఇదంతా చదివినా. కర్నూలు తమ్ముడూ, అతుకు ఎంత బాగా పెట్టినా చీలమండ ఎత్తు బూటు మా దగ్గర పనికిరాదు, బురద పైనుంచే పడుతుంది. ఎనిమిది అంగుళాల ఎత్తు చెయ్యి, నాలుక పై దాకా మూసి పెట్టు. పది జతలు తెచ్చివ్వు, మా వాళ్లకు తొడిగిస్తా, నెల నిలబడితే బిల్లు అప్పుడే ఇస్తా. బండలు ఎత్తేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు, వాళ్లకు 4, 5 సైజులు కావాలి, మార్కెట్లో మాకు దొరికేవి 6 నుంచే. ఆ సైజుల లాస్టులు ఉన్నాయా నీ దగ్గర?

పాతబస్తీ_బూట్లు
5 ఉంది. 4 అంబూరు నుంచి తెప్పించాలి, వారం పడుతుంది.